మనిషి లేకుండా మనిషి బొమ్మ

పోయిన మంగళవారం మూడో తరగతి పిల్లల మీద గట్టిగా అరిచాను. నౌకరీ నుంచి దిగిపోయాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక, మాదన్నపేట సందుల్లో ఒక చిన్న బడిలో వారానికి రెండు పూటలు బొమ్మలు నేర్పుతున్నాను. ఆ రోజు పిల్లలకు ఒకటే చెప్పాను. భయాన్ని గీయండి, భయపడే మనిషిని కాదు, చూడగానే నాకు భయమని తెలియాలి అని. ఇరవై ఎనిమిది మంది ఇరవై ఎనిమిది దయ్యాలు గీశారు. అన్నింటికీ అదే తెల్ల ముసుగు, అవే నల్ల కళ్లు. సరే, అమ్మ ప్రేమను గీయమన్నాను. ఎర్ర గుండె గుర్తులు. సంతోషమంటే పచ్చటి గుండ్రటి నవ్వు మొహం. ఫోన్లో కనిపించేవన్నీ వరసగా కాగితం మీదికి దిగాయి. నెల రోజులుగా ఇదే తంతు.

"మీ అందరి అమ్మలు ఒక్కతీరుగనే ఉంటరా? ఒక్కరికన్నా మీ అమ్మది వేరే ఏదన్నా యాదికి రాదా?" అని అరిచాను. పిల్లలు తలలు కాగితాల మీదికి దించుకున్నారు. మొదటి బెంచీలో కూర్చునే పిల్ల మాత్రం తలెత్తి, "టీచర్, మీకేం గావాల్నో చెప్పున్రి. గదే గీస్తం గదా" అంది.

అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగింది. కళ్లల్లో నీళ్లు కూడా ఉన్నాయి. నేను కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. ఇంచుమించు అదే వయసులో, అవే మాటలు, నేను మా డ్రాయింగ్ సార్‌తో అన్నాను.

మా బడి ఎవరిదో పాత ఇంట్లో అద్దెకు నడిచేది. నడుమ వాకిలి, చుట్టూ గదులు. మూడు గదుల్లో ఉర్దూ మీడియం పిల్లలు, ఒక గదిలో తెలుగు వాళ్లం మేము. వానాకాలం వస్తే పెంకుల సందుల్లోంచి నీళ్లు దిగి సున్నం గోడలు బొబ్బలెక్కేవి. ఆ బొబ్బలను వేలితో నొక్కి పగలగొట్టడం మాకు పెద్ద పని. తడిసిన సున్నం వాసన, వెనకింట్లో అల్లం వెల్లుల్లి నూరే వాసన, వాకిట్లోని గోరింట చెట్టు వాసన కలిసిపోయి మధ్యాహ్నం గంట కొట్టకముందే కడుపులో ఆకలి మొదలయ్యేది.

డ్రాయింగ్ సార్ రెండు మీడియంలకూ ఒక్కడే. ఆయన అసలు పని దుకాణాలకు బోర్డులు రాయడం. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ రాసేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒకే బూడిద రంగు షేర్వాణీలో ఉండేవాడు. గోళ్ల చుట్టూ ఎన్నడూ వదలని రంగు. ఆయన దగ్గరికి వస్తే టర్పెంటైన్ వాసన ముందు వచ్చేది. తెలుగు బాగానే మాట్లాడేవాడు కానీ కోపమొచ్చినా సంతోషమొచ్చినా సగం దారిలో దక్కనీలోకి మళ్లేవాడు.

మాకు డ్రాయింగ్ పుస్తకాలు లేవు. ఛత్తా బజార్ అచ్చు దుకాణాల్లో తప్పు పడ్డ పెళ్లి పత్రికలు ఒక కట్ట తెచ్చి పంచేవాడు. ఒకవైపు ఎవరిదో పెళ్లి, బంగారు రంగు అక్షరాల్లో. వెనకవైపు మా బొమ్మ. రంగుల్లేవు, బొగ్గు ముక్కలే. బొగ్గు గీత తుడవడానికి రబ్బరు పనికిరాదని చెప్పి క్లాసు ఉన్న రోజల్లా ఇరానీ హోటల్ నుంచి ఒక బన్ను తెచ్చి తలా కొంచెం తుంచి పెట్టేవాడు. మేము ఆ ముక్కను అప్పుడే తినేసేవాళ్లం. తప్పు గీస్తే తుడవడానికి ఏమీ ఉండేది కాదు. "తిన్నారా? అచ్ఛా. ఇగ తప్పు గీయకుండ్రి" అనేవాడు. మరుసటి క్లాసుకు మళ్లీ బన్ను తెచ్చేవాడు.

ఆ వానాకాలం ఆయనకు ఒక పాఠం చెప్పాలని బుద్ధి పుట్టింది. ముందు తన బోర్డుల సంగతి చెప్పాడు. పండ్ల డాక్టరు బోర్డు మీద పండ్ల వరస ఎందుకు వేస్తారు, తాళాలు బాగుచేసేవాడు మనిషంత తాళంచెవి ఎందుకు వేలాడదీస్తాడు అని అడిగాడు. చదువు రానివాళ్లకు తెలియాలని మేమే చెప్పాం. బాగా మెచ్చుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఇప్పుడు ఇంట్ల ఒక మనిషిని గీయాలె. అమ్మనో, బాపునో, దాదీనో. కానీ ఆద్మీని గీయొద్దు. ఆద్మీ లేకుండనే ఆద్మీ కనపడాలె."

మాకేమీ అర్థం కాలేదు. ఉదాహరణకని ఆయన నల్లబల్ల మీద తమలపాకుల డబ్బా, పాన్‌దాన్ ఒకటి గీసి, "ఇది మా అమ్మీ" అన్నాడు. అంతే, పిల్లలందరం పాన్‌దాన్ గీశాం. తాంబూలం ముట్టని ఇళ్ల వాళ్లం కూడా. ఆయన ఒక్కొక్క కాగితం చూస్తూ పోయి చివరికి తల పట్టుకొని కూర్చున్నాడు. "అరే, మా అమ్మీ మీ అందరి ఇండ్లల్లకు ఎట్లొచ్చింది?" అన్నాడు. మేము నవ్వాం. ఆయన నవ్వలేదు.

నేను మా బాపును గీయాలనుకున్నాను. బాపు మాదన్నపేట కూరగాయల మార్కెట్లో దడ్వాయి. అంటే బస్తాలు తూకం వేసే మనిషి. ఒక సేటు దుకాణంలో పనిచేసేవాడు. దూలానికి వేలాడే పెద్ద కాంటా ఉండేది. ఒక పళ్లెంలో బస్తా, రెండో దాంట్లో ఇనుప రాళ్లు. రాళ్లు ఎత్తి పెట్టడం, దించడం, ఒకటికి బదులు 'లాభం' అని మొదలుపెట్టి గొంతెత్తి లెక్క పాడడం బాపు పని. సాయంత్రం ఇంటికి వస్తే ఆయన అంగీ కొత్తిమీర, గోనె సంచుల వాసన కలిసి వచ్చేది. నాకు ఆ అంగీ అంటే ఇష్టం. అదే గీశాను.

సార్ చూసి, "కమీజ్ మంచిగుంది. బాపు కిధర్ హై?" అన్నాడు.

మరుసటి వారం సైకిల్ గీశాను. "సైకిల్ అందరికీ ఉంటది. నీ బాపు ఏడీ?" రేడియో గీశాను. తలపాగా గీశాను. చెప్పులు గీస్తే ఒక్క క్షణం ఆగి చూశాడు. నాకు ఆశ పుట్టింది. "ఊహూఁ" అని తిరిగి ఇచ్చేశాడు. ఐదు పెళ్లి పత్రికలు పాడయ్యాయి. ఇంటికి పోయి అమ్మ ముందు ఏడ్చాను. జొన్నరొట్టెలు చేస్తున్న అమ్మ, "బొమ్మకు ఏడుస్తరా ఎవలన్నా? మీ సార్‌కు పెండ్లాం పిల్లలు లేరా, మీ పానం తీస్తున్నడు" అంది. పచ్చిపులుసులో రొట్టె ముంచి నోట్లో పెట్టింది. కోపంలో అది కూడా సరిగా మింగలేకపోయాను. ఆయనకు కావలసింది ఏదో ఉందనీ, అది నాకు తప్ప అందరికీ తెలుసనీ అనిపించేది. తీరా చూస్తే క్లాసులో ఎవరికీ తెలియదు.

ఆ రోజుల్లోనే బాపు భుజం పట్టేసిందని అనేవాడు. సాయంత్రం అమ్మ ఇసుక వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టేది. నువ్వుల నూనెలో కర్పూరం కలిపి రాసేది. అప్పుడు వీధి తలుపు దగ్గరికి వేసేవాళ్లు. వాన జల్లు లోపలికి కొడుతుందని అనుకున్నాను.

ఒక ఆదివారం బాపుకు అన్నం గిన్నె తీసుకొని మార్కెట్‌కు పోయాను. వాన వెలిసి అంతా బురద. కుళ్లిన టమాటాల మీద ఈగలు. బాపు కాంటా పక్కన నిలబడి ఉన్నాడు. ఎవరో బస్తా ఎక్కించారు, రాళ్లు ఇంకా పెట్టలేదు. కాంటా కర్ర ఒకవైపుకి దిగిపోయింది. దాని పక్కన బాపు భుజాలు కూడా అదే వాలులో ఉన్నాయి. ఎడమది పైకి, కుడిది కిందికి. ఎంతసేపు చూశానో తెలియదు. "ఏంది బిడ్డా, గట్ల నిలవడ్డవు? అన్నం సల్లారుతది" అన్నాడు బాపు.

ఇంటికి పరుగెత్తుకొచ్చి పొయ్యిలోంచి బొగ్గు తీసి గీశాను. కాంటా ఒక్కటే. కుడి పళ్లెం కిందికి లాగేసినట్టు, ఎడమ పళ్లెం గాల్లో. రెండు పళ్లేలూ ఖాళీ. కింద 'మా బాపు' అని రాశాను.

సోమవారం సార్ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకొని వెలుతురులోకి వెళ్లాడు. దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి పెట్టి చూశాడు. దీని అర్థమేమిటని నన్ను అడగలేదు. "అబ్ ఆయా బాపు" అన్నాడు చివరికి, మెల్లగా. ఇప్పుడొచ్చాడు బాపు అని. నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ రోజు బన్ను మొత్తం నాకే ఇచ్చాడు. నేను దాచుకోలేదు, అందరికీ చూపిస్తూ తిన్నాను.

అప్పుడే బడిలో బొమ్మల ప్రదర్శన పెట్టారు. బడికి రెండు అల్మారాలు ఇస్తున్న పెద్దమనిషి ముఖ్య అతిథి. ఆయన ఎవరో కాదు, మా బాపు పనిచేసే దుకాణం సేటే. సార్ నా కాంటాను గోడకు నడుమ అతికించాడు. ముందు రోజు ఆ అల్మారాలను బండి మీద వేయించుకొని బాపు బడికి వచ్చాడు. నేనే చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయి చూపించాను.

బాపు దగ్గరగా వెళ్లి చూశాడు. నవ్వుతున్న మొహం కొంచెం కొంచెంగా మారిపోయింది. నా వైపు తిరిగి, "గిదేంది బిడ్డా? గిట్లెందుకు వంకర గీసినవ్?" అని అడిగాడు.

నేను చెప్పాలనుకున్నాను. కానీ నీ భుజం వంగి ఉంది బాపూ అని మనిషి మొహం మీద ఎట్లా అనాలో తెలియలేదు. "ఊకె" అన్నాను. అంటే ఊరికే అని.

సార్ ముందుకొచ్చాడు. "పిల్ల దిల్ సే గీసింది భాయ్. మస్తు గీసింది."

"గీసింది సార్, నేను కాదంటలేను. గానీ రేపు సేటు వస్తడు. మార్కెట్ల రైతులు తూకం మీద లొల్లి జేస్తున్నరు. గిప్పుడు దడ్వాయి బిడ్డనే కాంటా వంకరుంటదని గీస్తే ఏమనుకుంటరు? నా నౌకరి పోతది. జెర సమం చేయించున్రి."

"సమం చేస్తే అది ఉత్త కాంటా అయితది."

"ఉత్త కాంటానే కానీ సార్. నాకు గదే మంచిది."

సార్ బాపు మొహంలోకి చూశాడు. బాపు తల దించలేదు. సార్ గోడ మీది కాగితం తీసి బెంచీ మీద పెట్టాడు. జేబులోంచి బన్ను తీసి, ఒక ముక్క తుంచి నా చేతిలో పెట్టాడు. ఆ ముక్కను నేను తినలేదు.

తుడిచాను. బొగ్గు పూర్తిగా పోలేదు, బూడిద రంగు చారలాగా మిగిలింది. సార్ దాని మీద సుద్ద రుద్దాడు. కర్ర అడ్డంగా, సూటిగా గీశాను. రెండు పళ్లేలూ ఒకే ఎత్తులో. గీస్తుంటే నా ముక్కు కారి కాగితం మీద పడింది. అది కూడా సార్ తుడిచాడు. బాపు అప్పటికే బండితో వెళ్లిపోయాడు.

మరునాడు సేటు వచ్చి అన్నీ చూసి నా బొమ్మ ముందు ఆగాడు. కింద రాసింది ఎవరో చదివి చెప్పారు. "వాహ్. ఇన్సాఫ్. మా దుకాణం తూకం ఎట్లుంటదో ఈ పోరి గీసి చూపెట్టింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు రంగు పెన్సిళ్ల డబ్బా మొదటి బహుమతి. సేటు సంతోషంగా బాపును దగ్గరికి పిలిచి కుడి భుజం మీద నాలుగుసార్లు గట్టిగా తట్టాడు. బాపు నవ్వుతూనే ఉన్నాడు. పెదవులు మాత్రం తెల్లబడ్డాయి. నేను సార్ కోసం చూశాను. ఆయన వాకిట్లోకి పోయి గోరింట చెట్టు దగ్గర మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

సేటు ఆ బొమ్మకు అద్దం కట్టించి దుకాణంలో పెట్టుకున్నాడు. ఆదివారం ఆదివారం అన్నం గిన్నెతో పోయినప్పుడల్లా అది నాకు ఎదురయ్యేది. కూరగాయలకు వచ్చినవాళ్లంతా "నీ బిడ్డ గీసిందటగా" అని బాపును మెచ్చుకునేవాళ్లు. నాకు దాన్ని పగలగొట్టాలనిపించేది. నేను గీయని బొమ్మకు నా పేరు పెట్టినట్టుండేది. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి. నేను చేసిన పనికి బాపు నౌకరీ పోయేదట. నా వల్ల ఆయన ఇజ్జత్ పోవాల్సింది, కొద్దిలో తప్పింది. ఎనిమిదేళ్ల మనసులో అది రాయిలా పడి ఉండిపోయింది.

తర్వాతి క్లాసులో సార్ ఎప్పటిలాగే పత్రికలు పంచి, ఈసారి అమ్మను గీయమన్నాడు. నేను బొగ్గు ముట్టుకోలేదు. ఆయన నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. "కైకు బేటా?"

"సార్, మీకేం గావాల్నో చెప్పున్రి. గదే గీస్త" అన్నాను.

ఆయన కోప్పడితే బాగుండేది. లేచి వెళ్లి నల్లబల్ల మీద గులాబీ పువ్వు గీశాడు. రెండు ఆకులు, ఒక ముల్లు. అందరం గులాబీ పువ్వు గీశాం. అందరికీ 'శభాష్' అన్నాడు. ఆ వానాకాలం మిగిలిన క్లాసులన్నీ అంతే. చిలుక, తామర, కొండల మధ్య సూర్యుడు. పిల్లలకు హాయిగా ఉండేది. నేనూ చాలా నీట్‌గా గీసేదాన్ని. ఆ మరుసటి ఏడు ఆయన రాలేదు. నగరం అవతలి వైపు బోర్డుల పని బాగా దొరికిందని చెప్పారు.

నా చెయ్యి సూటిగా ఉండేది కాబట్టి పెద్దయ్యాక ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో ట్రేసర్ ఉద్యోగం వచ్చింది. ఇంజనీర్లు గీసిన పటాల మీద పలచటి కాగితం పరిచి, వాళ్ల గీత మీద గీత గీయడమే పని. కంప్యూటర్లు వచ్చేదాకా అదే చేశాను. గీత ఎప్పుడూ పక్కకు పోలేదు.

బాపు ముసలివాడయ్యాక ఒకసారి మెట్ల మీద జారిపడ్డాడు. దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి ఇప్పుడు విరిగిందేమీ లేదంది. కానీ కుడివైపు మెడ కింది ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుందని, ఆనాడు కట్టు కట్టించుకోలేదా అని అడిగింది. నాకు అటువంటిదేమీ తెలియదు. బయట బెంచీ మీద కూర్చున్నాక అడిగాను.

"ఎప్పుడు ఇరిగింది బాపూ?"

"వానకాలం. బస్తా జారి మీద వడ్డది. నువ్వు కాంటా బొమ్మ గీసిన ఏడు" అన్నాడు, బజారు సంగతి చెప్పినట్టు.

ఆయన గోడ వైపు చూస్తున్నాడు.

"సూడంగనే ఎర్కయింది నాకు, నువ్వు కాంటను గీయలేదు, నన్ను గీసినవని. గప్పటికి నెల సంది ఎడమ చేత్తోనే రాళ్లు ఎత్తుతున్న. సేటు లేనప్పుడు సూసి ఎత్తుతున్న. రాళ్లు ఎత్తలేని దడ్వాయిని ఎవలు ఉంచుకుంటరు? ఎనిమిదేండ్ల పోరి పట్టుకున్నది, ఆ బొమ్మ జూస్తే సేటు పట్టుకోడా?"

"మరి రైతుల లొల్లి అంటివి? తూకం అంటివి?"

"సార్‌కు ఏదో ఒకటి చెప్పాలె గదా."

"నాకన్నా చెప్పకపోతివి."

"నీకు చెప్తే బడంత చెప్తుంటివి."

అది నిజమే. చెప్పేదాన్నే. అయినా నాకు నవ్వు రాలేదు. "నీ ఇజ్జత్ తీసిన అనుకున్న, ఇన్నేండ్లు" అన్నాను.

బాపు ఎడమ చేత్తో కుడి భుజాన్ని సవరించుకున్నాడు. తర్వాత, "నువ్వు గంత మంచిగ గీయకపోతే నాకు ఫికరే లేకుండె" అన్నాడు.

ఆ మాట విని నా మనసు తేలికపడాలి. పడలేదు. ఆయన మీద కోపమే వచ్చింది. ఒక్క మాట, ఒక్క సాయంత్రం, కాపడం పెట్టించుకుంటూ చెప్పి ఉంటే చాలు. ఆయన పోయి చాలా ఏళ్లయినా ఆ కోపం పూర్తిగా పోలేదు. రాళ్లు ఎత్తిన ఆ ఎడమ చెయ్యి గుర్తొచ్చినప్పుడు మాత్రం కాసేపు మెత్తబడుతుంది.

ఇంకా తెగనిది సార్ సంగతి. దవాఖానా నుంచి వచ్చిన తర్వాత ఆయన కోసం వెతికాను. ఉర్దూ మీడియంలో చదివిన ఒకామె ఆయన ఇల్లు బహదూర్‌పురాలో ఉండేదని చెప్పింది. పోయాను. ఆ సందులో ఎవరికీ తెలియదు. ఒక ముసలాయన మాత్రం ఆ బోర్డులు రాసే మనిషి ఎప్పుడో పోయాడని, చివర్లో చూపు సరిగా లేక రాయడం మానేశాడని చెప్పాడు. ఒక పిల్ల చేత తండ్రి పరువు తీయించబోయానని, తన పాఠం తప్పిందని అనుకుంటూనే ఆయన పోయి ఉంటాడు. కాదు సార్, మా బాపు చూసిన వెంటనే తనను గుర్తుపట్టాడు అని చెప్పడానికి నేను వెళ్లేసరికి వినే మనిషి లేడు.